దూది ఏకే మనిషి ఊపిరి

రెజిమెంటల్ బజార్‌లో మా సందు మొదట్లో ఒక మందుల షాపు ఉంది. పొద్దున నడక ముగించుకుని, బీపీ బిళ్ళల కోసమో ఊరికే కాసేపు కూర్చోవడానికో అక్కడ ఆగడం నాకు రిటైరయ్యాక అలవాటైంది. షాపు నడిపేది ఒక ఫార్మసిస్టు. నలభై ఏళ్ళు దాటి ఉండవు. వాళ్ళ నాన్నగారు గుంటూరు వైపు నుంచి ఇక్కడి మిషన్ బడికి టీచరుగా వచ్చి స్థిరపడ్డారు. ఆమె పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లోనే అయినా మాటలో మాత్రం గుంటూరు పోలేదు. పెద్దవాళ్ళు ఎవరొచ్చినా "బాబాయ్ గారూ", "పిన్ని గారూ" అంటుంది. చాచా, భాయ్ అన్న పిలుపులే వినిపించే బజారులో ఆ పిలుపు వినగానే కొందరు వెనక్కి తిరిగి చూస్తారు, తమని కాదేమోనని.

కౌంటరు పక్కన ఒక స్టూలు, దానికెదురుగా గోడకి ఒక అద్దం ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు అద్దం చూసి తల సర్దుకుంటారు. అది అందుకు కాదు. ఉబ్బసానికి మందు కొనడానికి వచ్చిన ప్రతి మనిషినీ ఆమె ఆ స్టూలు మీద కూర్చోబెడుతుంది. "వాడటం తెలుసా?" అని అడగదు. అడిగితే అందరూ తెలుసనే అంటారు. "ఎలా పీలుస్తారో ఒకసారి చూపించండి" అంటుంది. అంతే. తర్వాత చేతులు కట్టుకుని చూస్తుంది.

చర్చిలో పాటలు పాడే ఒకావిడ ఆ స్టూలు మీద కూర్చోవడం నాకు గుర్తుంది. ఆమె ముందు ఛాతీ నిండా గాలి పీల్చి, భుజాలు పైకెత్తి, కళ్ళు మూసుకుని, అప్పుడు స్ప్రే నొక్కింది. మందు నోటి అంచుల నుంచి పొగలా బయటికి రావడం అద్దంలో ఆమెకే కనిపించింది.

"ఇదేంటమ్మాయ్, ఇలా వచ్చేస్తోంది?"

"పిన్ని గారూ, మీరు పాట ఎత్తుకోబోతున్నారు. నిండా పీల్చేశాక ఇక మందు ఎక్కడికి పోతుంది? ముందు ఉన్నదంతా వదిలెయ్యండి. ఖాళీ చేసుకుని, తర్వాత మెల్లగా లాగుతూ నొక్కండి."

ఆవిడ నవ్వింది. ఇన్నేళ్ళుగా పాట కోసం నేర్చుకున్న ఊపిరిని మందు కోసం తిరగేసుకోవాలన్నమాట అంది. నేను ఆ రోజు దాన్ని సరదా సంగతిగానే విన్నాను. మనిషి చేసే పని అతని ఊపిరిలోకి ఎంత లోతుగా దిగిపోతుందో నేను తెలుసుకున్నది ఆ తర్వాత, పరుపులు కుట్టే చాచా వచ్చినప్పుడు.

ఆయన్ని నేను ముందు నుంచీ ఎరుగుదును. బోయిగూడలో ఉంటాడు. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్ళీ కుట్టి ఇస్తాడు. ఇప్పుడు చాలామంది దూదిని మిషన్‌లో వేసేస్తారు. ఆయన మాత్రం తండ్రి చేతి నుంచి వచ్చిన పెద్ద విల్లుతోనే ఏకుతాడు. మా ఇంట్లో పరుపులన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. దసరా పోయి, చలి ఇంకా రాని రోజులవి. చలికాలమే ఆయనకు పని కాలం. ఊళ్ళో అందరికీ పరుపులు, రజాయిలు గుర్తొచ్చేది అప్పుడే.

భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో మందు డబ్బా ఉంది. స్టూలు వైపు కూడా చూడకుండా డబ్బాని కౌంటరు మీద పెట్టాడు.

"ఈ దవాయి నాకు పనిచేస్తలేదు బిడ్డా. ఎవరికన్న పనికొస్తే ఇయ్యి."

"మానేశారా?"

"ఎందుకు మానేస్త? రోజూ తీసుకుంటున్న. తీసుకున్నా అదే దమ్ము, తీసుకోకున్నా అదే దమ్ము. మరి ఎందుకీ తక్లీఫు?"

పక్కన అతని భార్య కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడింది. ఆమె మెల్లగా అసలు సంగతి చెప్పింది. ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి ఆయన్ని ఆటోలో వేసుకుని దవాఖానాకు పరుగెత్తారు. రెండోసారి ఆక్సిజన్ పెట్టారు. "డాక్టరు సాఫ్ సీదా చెప్పిండు బిడ్డా. దవాయి తీసుకుంట కూడా ఇట్లనే ఉన్నదంటే ఈ చలికాలం కష్టమన్నడు. నేను దుకాణం బంద్ పెట్టుమంటున్న. ఈయన వినడు."

"చలికాలం బంద్ పెడితే ఇంకెప్పుడు తెరుస్త? ఎండలకాలం రజాయిలు కుట్టాల్నా?" అన్నాడు ఆయన. ఆ మాట అనడానికి మధ్యలో రెండుసార్లు ఆగాడు.

ఫార్మసిస్టు డబ్బా తెరిచి చూసింది. క్యాప్సూల్‌ని చిన్న పరికరంలో పెట్టి తిప్పి, లోపలి పొడిని నోటితో గట్టిగా పీల్చే రకం మందు అది.

"ఇవాళ పొద్దుటి మందు తీసుకున్నారా?"

"ఇంకా లేదు."

"అయితే ఇక్కడే తీసుకోండి. ఎలా పీలుస్తారో చూపించండి."

ఆయనకు కోపం వచ్చింది. "ఏందీ, పరీక్షా? దవాఖానాల నర్సమ్మ మూడుసార్లు నేర్పింది. నేను అన్నీ మంచిగనే చేస్తా." అంటూనే కూర్చున్నాడు. నిజంగానే అన్నీ మంచిగా చేశాడు. క్యాప్సూల్ పెట్టాడు, తిప్పాడు, ముఖం పక్కకు తిప్పి ఊపిరి వదిలాడు, పెదాలు బిగించాడు, పీల్చాడు, ఆపుకున్నాడు. నాకు ఎక్కడా తప్పు కనిపించలేదు. ఆమెకూ కనిపించినట్టు లేదు. కానీ ఆమె పరికరాన్ని విప్పి, కౌంటరు కింద నుంచి ఒక నల్ల కాగితం తీసి, క్యాప్సూల్ గుల్లని దాని మీద తట్టింది.

తెల్లటి పొడి చిన్న కుప్పగా పడింది. మందు చాలావరకు అక్కడే ఉంది.

నలుగురం ఆ కాగితం కేసి చూస్తూ ఉండిపోయాం. ఆయన వేలితో దాన్ని తాకాడు. "మరి నేను పీల్చిందేంది?" అన్నాడు.

"అదే నాకూ తెలియడం లేదు బాబాయ్ గారూ," అంది ఆమె. ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చే అవకాశం ఉన్నా తెలియదని ఒప్పుకోవడం నాకు నచ్చింది. కాసేపు ఆలోచించి, "మీరు పని చేసుకుంటుంటే ఒకసారి వచ్చి చూడొచ్చా?" అని అడిగింది.

"పరుపు కుట్టుడు నేర్చుకుంటవా ఏంది?" అన్నాడు చాచా. ఆయన భార్య ఆయన్ని మోచేత్తో పొడిచి, "రా బిడ్డా, రేపే రా" అంది.

మర్నాడు మధ్యాహ్నం షాపు మూసే వేళకి ఇద్దరం ఆటోలో బోయిగూడ వెళ్ళాం. నాకు ఇల్లు తెలుసు కాబట్టి దారి చూపించడానికి నేను. ఇరుకు సందులో కింది గది దుకాణం, వెనక గది ఇల్లు. గది మధ్య నేల మీద ఎవరిదో పాత పరుపు విప్పి, దూది కుప్పపోసి ఉంది. ఏళ్ళ తరబడి మనుషులు పడుకున్న దూది. అందులో ఉండే దుమ్ము కొత్త దూదిలో ఉండదు. పైకప్పు నుంచి తాడుకి విల్లు వేలాడుతోంది, మనిషి పొడుగు ఉంటుంది. ఫార్మసిస్టు ముఖానికి మాస్కు కట్టుకుని గడప దగ్గరే నిలబడింది. చాచా ముక్కుకి గుడ్డ చుట్టుకుని, విల్లుని దూదిలోకి దించి, చెక్క గూటంతో దాని నారిని కొట్టడం షురూ చేశాడు.

ఆ చప్పుడు చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో. దెబ్బ పడ్డ ప్రతిసారీ దూది ఉలిక్కిపడి పైకి లేచేది. గట్టి ముద్దలు విడిపోయి, పొరలు పొరలుగా గాల్లోకి ఎగిరి మెల్లగా దిగేవి. కిటికీ నుంచి పడ్డ ఎండలో గది మొత్తం తెల్లగా కదులుతోంది. నేను దూదినే చూస్తున్నాను. ఎవరైనా దాన్నే చూస్తారు. చాలాసేపయ్యాక గమనించాను, ఆమె దూది వైపు చూడటమే లేదు. ఆయన మెడ కింద, గొంతు గుంట మీదే ఆమె చూపు నిలిచిపోయి ఉంది.

"అక్కడ చూడండి," అంది నాతో నెమ్మదిగా.

చూశాను. విల్లు మోగుతున్నంతసేపు ఆయన ఛాతీ కదలడం లేదు. గొంతు గుంట బిగుసుకుని ఉంది. కొన్ని దెబ్బలు కొట్టి, తల తలుపు వైపు కొంచెం తిప్పుతాడు. ముక్కుతో చిటికెడు గాలి తీసుకుంటాడు, కోడి నీళ్ళు తాగినట్టు. మళ్ళీ తల తిప్పి, గొంతు బిగించి, విల్లు. చేయి, తల, గొంతు అన్నీ ఒకే తాళంలో నడుస్తున్నాయి. ఒక్కసారి కూడా తప్పడం లేదు.

ఆయన ఆగాక ఆమె అడిగింది, "పని చేసేటప్పుడు ఊపిరి ఎప్పుడు తీసుకుంటారు బాబాయ్ గారూ?"

"ఊపిరికి టైముంటదా? అదే వస్తది, అదే పోతది."

"ఎవరైనా నేర్పారా, దెబ్బ కొట్టేటప్పుడు పీల్చొద్దని?"

"మా నాయిన ఏకుడు నేర్పిండు. కుట్టుడు నేర్పిండు. ఊపిరి తీసుకునుడు సుత ఎవరన్న నేర్పుతరా?" ఆయన నవ్వబోయి దగ్గాడు.

ఆమె తన సంచిలోంచి ఖాళీ పరికరం ఒకటి తీసి ఆయన చేతికిచ్చింది. మందు లేకుండా, ఉత్తదే పీల్చమంది. భార్యను పిలిచి ఆయన ఛాతీ మీద అరచేయి ఆనించమంది. "పిన్ని గారూ, ఎంత పైకి లేస్తుందో చెప్పండి."

ఆయన పెదాలు బిగించి పీల్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి, చప్పుడు కూడా వచ్చింది. భార్య ఆశ్చర్యంగా చూసింది. "ఏమీ కదలలేదు బిడ్డా. నోరే పీలుస్తున్నది."

అప్పుడు ఫార్మసిస్టు గడప మీద కూర్చుని, చిన్న గొంతుతో వివరించింది. ఆ మందు పొడిగా ఉంటుంది. నోట్లో పొడి తగలబోతోందని తెలియగానే ఆయన గొంతు మూసుకుంటోంది. "అది మందని మీకు తెలుసు. మీ గొంతుకు తెలీదు. చిన్నప్పటి నుంచీ దానికి తెలిసిన పొడి దూది దుమ్మొక్కటే. కావలి కాస్తోంది పాపం. దొంగనీ చుట్టాన్నీ ఒకేలా ఆపేస్తోంది."

చాచా గొంతు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు, అక్కడ ఎవరో ఉన్నారన్నట్టు.

పత్రికలో పని చేసినన్నాళ్ళూ నేను పెద్ద సంగతుల వెంటే తిరిగాను. అవి చూసినప్పుడు నోరు తెరిచి నిలబడటం ఉండేది. ఆ మధ్యాహ్నం ఒక ఇరుకు గదిలో నాకు కలిగిన విస్మయం అంతకంటే తక్కువది కాదు. ఒక మనిషికి తెలియకుండా అతని శరీరం ఒక విద్య నేర్చుకుంది. ఎవరూ నేర్పని విద్య. గూటం దెబ్బకీ దెబ్బకీ మధ్య తలుపు తీసి వేసే విద్య. ఆయన అన్నదమ్ములు, బాబాయిలు దగ్గి దగ్గి ముందే పోయారని తర్వాత ఆయన భార్య చెప్పింది. ఈయన ఇంతకాలం నిలిచింది బహుశా ఆ కాపలా వల్లేనేమో. అదే ఇప్పుడు మందుకు అడ్డం నిలబడింది. దాన్ని కనిపెట్టిన మనిషి చేసిందల్లా, అందరూ దూదిని చూసే చోట గొంతు గుంటని చూడటం.

సాయంత్రం ఆమె షాపు నుంచే డాక్టరుకు ఫోన్ చేసి చూసింది చూసినట్టు చెప్పింది. పొడి బదులు స్ప్రే ఇస్తే ఎలా ఉంటుందని అడిగింది, గొట్టంతో కలిపి. డాక్టరు శ్రద్ధగా విని, రెండు ప్రశ్నలు అడిగి, మార్చి రాసి పంపారు. "మా దగ్గర ఆయన విల్లు లేకుండా కూర్చుంటాడు కదమ్మా, మాకెలా తెలుస్తుంది" అన్నారట.

గొట్టం అంటే చిన్న సీసా అంత ప్లాస్టిక్ డబ్బా. ఒక చివర స్ప్రే నొక్కితే మందు అందులో ఆవిరిలా నిలుస్తుంది. రెండో చివర నుంచి తొందర లేకుండా పీల్చుకోవచ్చు. లోపల పలచటి రేకు ఒకటి ఉంటుంది. అది కదిలితే గాలి లోపలికి వెళ్తున్నట్టు. మర్నాడు చాచా స్టూలు మీద కూర్చుని ఖాళీ గొట్టంతో మొదలుపెట్టాడు. రేకు కదలలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. అది ఇంచుక వణికి ఊరుకుంది.

"లోతుగా, మెల్లగా" అంది ఆమె.

"గదే చేస్తున్న!"

"కోపం తెచ్చుకుంటే ఇంకా బిగుసుకుంటుంది."

"నేను కోపం తెచ్చుకుంటలేను," అన్నాడు కోపంగా. బెంచీ మీద వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆమె గొట్టాన్ని ఆయన చేతిలోంచి తీసుకుంది. తర్వాత ఏదో పిచ్చాపాటీలాగా అడిగింది. "బాబాయ్ గారూ, ఖర్బూజ కొనేటప్పుడు మంచిదో కాదో ఎలా చూస్తారు?"

ఆయన ముఖం మారిపోయింది. భార్య మధ్యలో దూరింది. "అయ్యో, ఆ సంగతి అడగకు బిడ్డా! రంజాన్ల బండి మీదున్న కాయలన్నీ వాసన చూస్తడు. బండాయన తిడతడు, నువ్వు కొననీకి వచ్చినవా నమాజు చదవనీకి వచ్చినవా అని."

"నీకేం తెలుసు, తొడిమ కాడ చూడాలె," అన్నాడు ఆయన. రెండు చేతుల్లో లేని కాయని పట్టుకున్నాడు. తిప్పాడు. తొడిమ వైపు ముఖం దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు మూసుకుని వాసన చూశాడు.

ఆ ఊపిరి వెళ్తూనే ఉంది. భుజాలు జారాయి. గొంతు గుంట వదులైంది. చొక్కా గుండీల మధ్య సందు పెద్దదైంది. ఎవరికోసమో ఎదురుచూస్తూ తెరిచిపెట్టిన ఇల్లులా ఉన్నాడు. బయట బజారు దాని పాటికి అది మోగుతోంది. ఒక ముసలాయన గాలి పీల్చుకుంటుంటే ఇంతమందిమి నిలబడి చూస్తున్నామని నాకు అనిపించింది, అయినా చూపు తిప్పుకోవాలనిపించలేదు.

"అదే," అంది ఆమె. "సరిగ్గా అదే. ఇప్పుడు నోటితో."

ఆయన మళ్ళీ గొట్టం అందుకున్నాడు. ఈసారి రేకు పైకి లేచి, పీల్చినంతసేపూ లేచే ఉంది.

మిగతావి ఆమె ఒక్కొక్కటే చెప్పి, ఒక్కొక్కటే తిరిగి చెప్పించుకుంది. ఈ మందు ఒంట్లో బాగున్న రోజు కూడా మానకూడదు, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. పీల్చాక నోరు పుక్కిలించాలి. హఠాత్తుగా దమ్ము వస్తే వాడేది వేరే స్ప్రే, దాని రంగు వేరు. దాంతో తగ్గకపోతే ఇంట్లో కూర్చోవద్దు, దవాఖానాకు వెళ్ళాలి. భార్య అన్నీ ముందే చెప్పేస్తుంటే, "మందు నాదా నీదా?" అని ఆయన కసిరాడు.

లేచి వెళ్ళబోతూ ఆయన హుషారుగా అన్నాడు. "ఇగ చలికాలం ఎంత దూది వచ్చినా ఏకుత."

నేను ఆ మాటకి నవ్వాను. ఫార్మసిస్టు నవ్వలేదు.

"లేదు బాబాయ్ గారూ. అది చెప్పకుండా మిమ్మల్ని పంపలేను. దుమ్ము విషయంలో మీ గొంతు చేసింది తప్పు కాదు. అది ఎంత ఆపినా లోపలికి పోయిందే మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. మందు పీలుస్తూ దుమ్ము కూడా పీలిస్తే మందు ఓడిపోతుంది. కుట్టుకోండి. ఏకడం మాత్రం వద్దు."

ఆయన నిలబడిపోయాడు. "దవాయికి తెరువుమంటవు, దుమ్ముకు మూయమంటవు. ఇప్పుడు మొత్తానికి విల్లే దించుమంటవు. ఏకకపోతే నేనేం దూదేకులోన్ని?"

ఆమె గొట్టాన్ని ఆయన వైపు జరిపింది. "మీ ఇష్టం. కానీ మందు మాత్రం మానకండి" అంది. ఆయన గొట్టాన్ని సంచిలో వేసుకుని, భార్య కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆయన షాపు వైపు రాలేదు. మందు కోసం భార్యే వచ్చేది. అడిగితే, "మాట్లాడతలేడు. దవాయి మాత్రం తప్పకుండ తీసుకుంటుండు" అనేది. విల్లు సంగతి ఆమె చెప్పలేదు, ఫార్మసిస్టు అడగలేదు. చలి మొదలైంది. ఒక ఉదయం మా పరుపు ఒకటి తిరిగి కుట్టించాలన్న నెపంతో నేనే బోయిగూడ వెళ్ళాను.

గది కడిగి ఉంది. పైకప్పు నుంచి తాడు లేదు. విల్లు గుడ్డలో చుట్టి అటక మీద పడుకోబెట్టి ఉంది. మిషన్‌లో ఏకించి తెచ్చిన దూది సంచులు బయట అరుగు మీదే ఉన్నాయి. చాచా కూడా అరుగు మీదే కూర్చుని, దూది నింపి మూతి కుట్టేసిన కొత్త రజాయి మీద పొడుగు సూదితో గళ్ళు కుడుతున్నాడు. నన్ను చూడగానే తిట్లు మొదలుపెట్టాడు, మిషన్‌ని.

"చూడు సార్, దూదిని ఏకలేదు, నరికింది. ముక్కలు ముక్కలు. పైసలు తీసుకుంటరు, పని రాదు. మా నాయిన చూస్తే నన్ను కొట్టేటోడు." అదంతా ఒక్క ఊపిరిలో అన్నాడు. అన్నాక తనే దాన్ని గమనించినట్టు ఒక క్షణం ఆగి, మళ్ళీ సూది దించాడు. "ఏం జేస్త. ఉన్నదానితోనే మంచిగ కుట్టాలె."

ఆయన భార్య చాయ్ తెచ్చింది. నా పక్కన కూర్చుని, ఆయనకు వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

"మొన్న పక్క మీద పండుకున్నడు సార్."

నాకు అర్థం కాలేదు.

"నేను ఎన్నేండ్ల నుంచి చూస్తున్న, గోడకు కూసొనే నిద్రపోతడు. పండుకుంటే దమ్ము ఆడదు. ఊరందరికీ పరుపులు కుట్టిండు, తను మాత్రం వాటి మీద నడుం వాల్చింది లేదు. మొన్న కూసున్నోడు కూసున్నట్టే జారి పండుకున్నడు. చప్పుడు లేదు. ఇంతకుముందు గురగుర ఇనొస్తుండె, అది సుత లేదు. నా పానం పోయింది సార్. ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసిన."

"ఏమైంది?"

ఆమె తన అరచేతిని ముఖం ముందుకు తెచ్చుకుని, ఆ చేతినే చూస్తూ అంది. "వస్తున్నది. పోతున్నది. మెల్లగ. నేను చెయ్యి తీయలేదు."

"తీయలేదు, పైగా ఏడ్చింది," అన్నాడు చాచా సూది మీది నుంచి కళ్ళెత్తకుండా. అన్నీ వింటూనే ఉన్నాడన్నమాట. "మంచి నిద్రల ఉన్నోన్ని లేపి, బతికే ఉన్నవా అని అడిగింది. ఉన్ననే, పండుకోనియ్యి అన్న."